సీతాబాయి జాగారం

మధురానగర్ నుంచి పంజగుట్ట దాకా ఉన్న అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు బడికి పోతున్న పిల్లల్లో సగం మంది సీతాబాయి కాళ్ల మీద నీళ్లు పోయించుకున్నవాళ్లే అంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టవుతుంది గానీ, మరీ అబద్ధం మాత్రం కాదు. పసిపిల్లలకు నీళ్లు పోయడం ఆమె పని. పొద్దున్నే వచ్చి, చీర మోకాళ్ల దాకా ఎగదోసి, బాత్రూములో పీట మీద కూర్చుని కాళ్లు చాపేది. బిడ్డను ఆ కాళ్ల మీద బోర్లా వేసి నూనె మర్దన చేసి, శనగపిండి రుద్ది, గోరువెచ్చని నీళ్లు పోసి, మెత్తని గుడ్డలో చుట్టి తల్లి చేతికిచ్చేసరికి బిడ్డ సగం నిద్రలో ఉండేది. తల్లి కూడా దాదాపు అంతే.

నీళ్లు పోస్తూ జోస్యం చెప్పడం ఆమెకు అలవాటు. వీడు ఆరడుగులు పెరుగుతాడనీ, ఈ పిల్లకు నోరు ఎక్కువనీ, వీడు అమ్మమ్మను తప్ప ఎవరినీ లెక్కచేయడనీ చెప్పేది. నిజమైందో లేదో ఇరవై ఏళ్ల తర్వాత వచ్చి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి ఆ జోస్యానికి ఢోకా లేదు. ఆ మాటల కోసమే ఆమెను పిలిచిన ఇళ్లు కూడా ఉన్నాయి.

అటువంటి సీతాబాయికి ఒకటే లోటు, గురక. ఆడదాని గురక అంటే మన వాళ్లకు అదో నేరం. మగవాడు గురక పెడితే పాపం అలసిపోయాడంటారు, ఆడది పెడితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. బంధువుల పెళ్లిలో ఒకసారి ఆమె పడుకున్న గదిలోంచి ఆడవాళ్లంతా ఒక్కొక్కరే చాపలు చంకన పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయారు. తెల్లారి లేచి చూస్తే అంత పెద్ద గదిలో ఆమె ఒక్కతే. మా వదిన పండుకుంటే పక్క వాడకట్టులో ట్రాక్టర్ నడిచినట్టుంటదని మరిది అందరి ముందు అన్నాడు. ఆ ఏడు బోనాలకు అతని పళ్లెంలో మాంసం ముక్కలు తక్కువే పడ్డాయి.

అప్పటి నుంచి ఆమె ఎవరింట్లోనూ రాత్రి ఉండటం మానేసింది. ఏడాది మొత్తంలో ఆమెకు ఇష్టమైన రాత్రి శివరాత్రి. ఆ రోజు ఎవరూ పడుకోరు. నలుగురిలో కూర్చుని తెల్లారేదాకా హాయిగా ఉండొచ్చు, ఎవరి ముందూ సిగ్గుపడే పని లేదు.

రాత్రి గురక సంగతి అలా ఉంటే, పగటి కునుకు ఇంకోటి. కూర్చుంటే కునుకు, నిలబడితే ఆవులింత. కందిపప్పు ఏరుతూ చేట మీదికి ఒరిగేది. బస్సెక్కితే దిగాల్సిన చోట ఎప్పుడూ దిగలేదు. నిద్ర సుఖమెరుగదంటారు కదా, అదే అనుకున్నారు అందరూ. ఆమె భర్త హనుమాండ్లు మైత్రీవనం దగ్గర జిరాక్సు దుకాణంలో పని చేస్తాడు, కోచింగ్ పిల్లల పుస్తకాలన్నీ అతని చేతుల మీదుగానే పోతాయి. నెమ్మది మనిషి. అతను మాత్రం ఆ కునుకుల గురించి ఎప్పుడూ వెక్కిరించలేదు.

ఒక రోజు పంజగుట్టలో కమలకుమారి గారి ఇంట్లో ఆ కునుకు రాకూడని వేళ వచ్చింది. కమలకుమారి గారు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి, ఏలూరు వైపు వాళ్లు. కూతురు రవళి కొడుకును కని పుట్టింట్లో ఉంది. సీతాబాయి ఆ పసివాణ్ణి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తూ ఉండగా చేతిలోని చెంబు దబ్బున కింద పడింది. ఆ చప్పుడుకే ఆమెకు మెలకువ వచ్చింది. రెప్పపాటు, అంతే. పిల్లవాడికి ఏమీ కాలేదు, చెంబు దొర్లుతుంటే కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు. కానీ సీతాబాయి ఇక ఆ చెంబు ముట్టలేదు. బిడ్డను కమలకుమారి గారి చేతుల్లో పెట్టి, గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ గోడకు ఒరిగి అక్కడే నిద్రపోయింది.

వేరే వాళ్లయితే ఆ రోజే లెక్క తేల్చి పంపేసేవాళ్లేమో. కమలకుమారి గారు మనవణ్ణి భుజాన వేసుకుని, నిలబడి సీతాబాయి గురక విన్నారు. గురక పెద్దదై, హఠాత్తుగా ఆగింది. ఛాతీ కదులుతోంది గానీ గాలి చప్పుడు లేదు. ఆవిడకు భయమేసి పిలవబోయే లోపల గుర్రుమని మళ్లీ అందుకుంది. ఇది అలుపు కాదు, జబ్బు అనుకున్నారావిడ.

ఎవరెంత చెప్పినా సీతాబాయి మాత్రం మర్నాటి నుంచి పని మానేసింది. పసిబిడ్డల ప్రాణంతో ఆట వద్దని ఆమె తీర్పు. కొద్ది రోజులకు కూతురు యశస్విని ఫోన్ చేసి, నెల తప్పిందని చెప్పింది. సీతాబాయి సంతోషంతో వాడకట్టంతా పంచదార పంచింది. సాయంత్రం కూతురికి మళ్లీ ఫోన్ చేసి, పురుడు ఇక్కడే పోస్తాం గానీ బిడ్డకు నీళ్లు పోయడానికి మాత్రం వేరే మనిషిని చూస్తానని చెప్పింది.

"ఊరందరి పిల్లలకు పోసినవ్ కదనే అమ్మా," అంది యశస్విని. "నా బిడ్డకు పోయవా?"

ఆ ప్రశ్నే సీతాబాయిని ఆస్పత్రి మెట్లెక్కించింది. కమలకుమారి గారు తమకు తెలిసిన చెవి ముక్కు గొంతు డాక్టరు కృష్ణమోహన్ గారి దగ్గరికి తీసుకెళ్లారు. పంజగుట్టలోనే ఆస్పత్రి. ఆయన అన్నీ విని, నిద్రలో గొంతు మూసుకుపోతోందనీ, శ్వాస ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి లేపుతోందనీ, రాత్రంతా ఇలా లేస్తూనే ఉంటే పగలు కునుకు రాక ఏమొస్తుందనీ వివరించారు. తర్వాత హనుమాండ్లు వైపు తిరిగి, శ్వాస ఆగడం మీరెప్పుడైనా గమనించారా అని అడిగారు.

"ఆగుతది సార్," అన్నాడు హనుమాండ్లు. "ఆగినప్పుడు జర కాలు తాకిస్త. మళ్ల మొదలైతది."

"ఎన్నాళ్ల నుంచి?"

"బిడ్డ పెండ్లి కాకముందు నుంచి."

సీతాబాయి నోరు తెరిచి భర్తను చూసింది. నిద్రలో తంతాడని ఆమె ఇన్నేళ్లుగా అక్కచెల్లెళ్లందరికీ చెప్పుకుంది, రెండుసార్లు అలిగింది కూడా. ఆ మనిషి ఒక్కసారి కూడా ఎందుకని చెప్పలేదు. చెబితే భయపడుతుందని ఊరుకున్నాడట. ఆస్పత్రి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆమె అక్కడే అతని కాళ్ల మీద పడేది, తిట్టుకుంటూ.

ముందు పరీక్ష. రాత్రి ఇంట్లోనే పెట్టుకునే ఒక చిన్న పెట్టె ఇచ్చారు. ఛాతీకి పట్టీ, ముక్కుకు గొట్టం, వేలికి క్లిప్పు. ఒక తేదీకి మాత్రం ఎవరూ రావడం లేదు, మీకైతే వెంటనే దొరుకుతుందని ఆస్పత్రి అబ్బాయి సంబరంగా చెప్పాడు. రాత్రంతా తీయకుండా పెట్టుకోమని మరీ మరీ అన్నాడు. సీతాబాయి చెప్పిన మాట జవదాటే మనిషి కాదు. పెట్టుకుంది. ముక్కు దగ్గరి గొట్టం మీదుగా కొంగు కప్పుకుని, వాడకట్టు భజనలో తెల్లవార్లూ కూర్చుంది. మధ్యలో రెండు పాటలు కూడా పాడింది. ఎందుకంటే ఆ రాత్రి శివరాత్రి.

రిపోర్టు చూసి కృష్ణమోహన్ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఇంత శుభ్రమైన శ్వాస తన దగ్గరికి వచ్చే కాలేజీ కుర్రాళ్లకు కూడా లేదన్నారు. పెట్టె పాడైందేమో అనుకుంటూ, ఆ రాత్రి నిద్ర ఎలా పట్టిందని అడిగారు.

"నిద్రనా?" అంది సీతాబాయి. "జాగారం కద సార్. రాత్రంత పెట్టుకోమన్నరు, పెట్టుకున్న. పండుకోమనలే."

డాక్టరు గారు బల్ల మీద తల ఆనించి నవ్వారు. కమలకుమారి గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. హనుమాండ్లు ఒక్కడే నవ్వలేదు. అతను కూడా ఆమె పక్కనే జాగారం చేశాడు మరి, అతనికీ తట్టలేదు.

ఇంతకంటే వింత ఇంట్లో జరిగింది. కొడుకు దినేశ్ అమీర్‌పేటలో డేటా సైన్సు కోర్సు చేస్తున్నాడు. ఆపరేషన్ చేయించుకున్న పాత రోగుల వివరాలు వందలకొద్దీ కంప్యూటరుకు నేర్పించి, కొత్తగా వచ్చినవాళ్లకు ఆపరేషన్ పని చేస్తుందా లేదా అని దాని చేత చెప్పించడం నేర్చుకుంటున్నాడు. అమ్మ జబ్బుకు కూడా గొంతు ఆపరేషన్ ఉందని తెలియగానే దాన్నే తన ప్రాజెక్టుగా పెట్టుకున్నాడు. శివరాత్రి రిపోర్టులోని అంకెలు అందులో వేస్తే, వందకు తొంభై తొమ్మిది పాళ్లు ఆపరేషన్ సక్సెస్ అని వచ్చింది. చేయకముందే సక్సెస్ అయిందంటే అది మామూలు కంప్యూటర్ కాదు, దానికి కొబ్బరికాయ కొట్టాలని హనుమాండ్లు అన్నాడు.

రెండోసారి మామూలు మంగళవారం నాడు, నిజంగా పడుకుని పరీక్ష చేయించుకుంది. గంటకు నలభై సార్లకు పైగా శ్వాస ఆగుతోందని తేలింది. డాక్టరు గారు ఈసారి నవ్వలేదు. ముందు కత్తి మాట ఎత్తకుండా, రాత్రిపూట గాలి ఊదే మాస్కు మిషను ఇచ్చారు. చాలామందికి దానితోనే సరిపోతుందన్నారు. సీతాబాయి మనసు పెట్టి ప్రయత్నించింది. కానీ పడుకున్నప్పుడు ముఖాన ఉన్న మాస్కు పొద్దున లేచేసరికి కాళ్ల దగ్గర ఉండేది. నిద్రలో ఎప్పుడు పీకేసేదో ఆమెకే తెలియదు. మాస్కు మార్చారు, పట్టీలు మార్చారు, ఎండాకాలం కూడా వచ్చింది. మాస్కు మాత్రం కాళ్ల దగ్గరే.

అప్పుడు ఆపరేషన్ మాట వచ్చింది. ఆ మాట బయటికి పొక్కగానే వాడకట్టులో ప్రతి మనిషీ జోస్యం చెప్పేవాడే అయ్యాడు. గొంతు పోతుందని ఒకరు, తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయని ఒకరు. ఇక కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆ వారంలో ఆమె ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. దినేశ్ అసలు అంకెలు వేసి చూసుకుని రెండు రోజులు తల్లి ముఖం చూడకుండా తిరిగాడు. అన్నం దగ్గర పట్టుకుని అడిగితే, వందలో నలభై పాళ్లే అని నసిగాడు.

డాక్టరు గారి ముందు హనుమాండ్లు ముందుగా ఆ సామెతే చెప్పాడు. కృష్ణమోహన్ గారు ఓపికగా విన్నారు. తన దగ్గరికి వచ్చే ప్రతివాళ్లూ కుర్చీలో కూర్చోగానే ఆ సామెత చెబుతారనీ, అది చెప్పని రోజు తనకే తోచదనీ అన్నారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. ఈ ఆపరేషన్ అందరికీ పని చేయదు. గురక ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదు, గొంతు ఎక్కడ మూసుకుంటోందన్నదే ముఖ్యం. టాన్సిల్స్ పెద్దవై, నాలుక అడ్డం పడకుండా, ఒళ్లు మరీ బరువు లేకుండా ఉంటే ఆశ ఎక్కువ. అందుకని ముందు మందిచ్చి నిద్రపుచ్చి, సన్నని కెమెరా గొట్టంతో గొంతులోకి చూస్తామన్నారు.

ఆ కెమెరా పరీక్ష రోజు ఆపరేషన్ థియేటర్లో బల్ల మీద పడుకుని సీతాబాయి ఒక్కటే అడిగింది. "సార్, ఈసారి నిజంగ పండుకోవాల్నా?"

నర్సులు నవ్వుతుండగానే ఆమె గురక మొదలైంది.

తర్వాత డాక్టరు గారు ఆ బొమ్మ అందరికీ చూపించారు. టాన్సిల్స్ రెండూ లోపల ఉసిరికాయల్లా ఉన్నాయి. గొంతు పక్క గోడలు తెర లాగినట్టు మూసుకుంటున్నాయి. నాలుక మాత్రం వెనక్కి పడటం లేదు. టాన్సిల్స్ తీసి, పక్క గోడలను లాగి కుట్టవచ్చు, కొండనాలుక జోలికి పోనక్కర్లేదు అన్నారు. ఇలాంటి గొంతు ఉన్న పది మందిలో ఏడుగురికి బాగుంటుందన్నారు. దినేశ్ తన నలభై సంగతి బయటపెట్టి, ఎవరి లెక్క సరైనదని అడిగాడు.

"నీ లెక్క తప్పు కాదు," అన్నారాయన. "అమ్మ వయసు, బరువు, ఆగిన శ్వాసల లెక్క దానికి తెలుసు. అమ్మ గొంతు అది చూడలేదు, నేను చూశాను. నేను చూసిన దాంట్లోనూ మిగిలిన ముగ్గురు ఉన్నారు, మర్చిపోవద్దు."

బాగుండటం అంటే ఏమిటని సీతాబాయి అడిగింది. ఆగే శ్వాసలు సగానికి తగ్గి, గంటకు ఇరవై లోపు వస్తే బాగున్నట్టు అని డాక్టరు చెప్పారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"గా లెక్క మీరే ఉంచుకోండి సార్. బిడ్డ కాళ్ల మీద ఉన్నప్పుడు నా కండ్లు మూతపడొద్దు. అయితదా?"

"ఆ మాట ఏ లెక్కలోనూ లేదమ్మా. అవుతుందనే అనుకుంటున్నాను. తప్పకుండా అవుతుందని చెబితే అబద్ధమవుతుంది."

సీతాబాయికి ఆ జవాబు నచ్చింది. తాను చెప్పే జోస్యాల్లో సగం తప్పుతాయని ఆమెకు తెలుసు, కానీ ఆ సంగతి ఏ తల్లికీ చెప్పలేదు. ఈయన మొహం మీదే చెప్పాడు. తెలియనిది తెలియదన్న మనిషి చేతిలో నా గొంతు పెడతానని ఆమె దారిలోనే తేల్చేసింది.

ఆపరేషన్ తర్వాత రెండు వారాలు ఎలా గడిచాయో చెప్పకపోవడమే మేలు. గుటక వేస్తే కళ్లలో నీళ్లు. చల్లారిన జావ తప్ప ఏదీ దిగలేదు. మాట రాక చేతులతో సైగలు చేస్తూ కోపగించుకునేది. ఒకరోజు తాగిన మజ్జిగ ముక్కులోంచి వచ్చేసరికి, వాడకట్టోళ్ల మాటే నిజమైందని హనుమాండ్లు బెంబేలెత్తాడు. కొద్ది రోజులు ఇలా ఉండొచ్చని ముందే చెప్పాను కదా అని డాక్టరు గారు ఫోన్లో ధైర్యం చెప్పారు. అది కూడా సర్దుకుంది. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం నాటికి అన్నం తిన్నది. ఆషాఢంలో బోనం ఎత్తింది. ఒళ్లు కొంచెం తగ్గితే మంచిదన్నారని పొద్దున పూట భర్తను లాక్కుని నడక కూడా మొదలుపెట్టింది.

మూడు నెలలకు మళ్లీ పరీక్ష. పెట్టె తెచ్చేముందు హనుమాండ్లు క్యాలెండర్ రెండుసార్లు చూశాడు, పండగ ఏదీ లేదని రూఢి చేసుకున్నాడు. నలభై దాటిన లెక్క పదమూడుకు దిగింది. కాగితం మీద ఆపరేషన్ గెలిచింది. దినేశ్ ఆ రిపోర్టును తన ప్రాజెక్టులో కలుపుకుని, నా కంప్యూటర్ కూడా నలభై పాళ్లు కరెక్టే అన్నాడు. గురక పూర్తిగా పోలేదు. ట్రాక్టర్ పోయి కుట్టు మిషను వచ్చిందని మరిది అన్నాడు. ఈసారి ఆమెకు కోపం రాలేదు.

కానీ సీతాబాయికి కాగితం మీద నమ్మకం లేదు. శివరాత్రి నాటి కాగితం కూడా బాగానే ఉంది కదా. ఒక మధ్యాహ్నం హనుమాండ్లు అన్నానికి ఇంటికి వచ్చేసరికి, ఆమె పీట మీద కాళ్లు చాపుకుని, ఒక చిన్న బియ్యం మూటను కాళ్ల మీద వేసుకుని జోకొడుతోంది. కడుపు నిండా పప్పన్నం తిని, ఫ్యాను కింద, కునుకు రావడానికి కావలసినవన్నీ సమకూర్చుకుని కూర్చుంది. హనుమాండ్లు చప్పుడు చేయకుండా గుమ్మంలో నిలబడి చూశాడు. ఆమె కళ్లు మూతపడలేదు. ఆ మూటకు కూడా ఆరడుగులు పెరుగుతుందని జోస్యం చెబుతుంటే విని, వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఎంత సంతోషమేసిందో ఆ నెమ్మది మనిషి ఎవరికీ చెప్పలేదు.

బతుకమ్మ రోజుల్లో యశస్విని ఆడపిల్లను కన్నది. బొడ్డు ఊడిన తర్వాత నీళ్లు పోసే రోజు వచ్చింది. సీతాబాయి పొద్దున్నే కమలకుమారి గారికి కబురు పెట్టి పిలిపించింది. పీట ఎదురుగా కుర్చీ వేసి ఆవిడను కూర్చోబెట్టింది.

"మీరు నన్నే చూస్తుండుండ్రి అమ్మా. నా కండ్లు జర మూతపడ్డా బిడ్డను తీసుకోండ్రి. బిడ్డ కాళ్ల మీద ఉండంగ నా కునుకు చూసినోళ్లు మీరొక్కరే."

"ఏంటి సీతాబాయి, నా మీద పెద్ద బాధ్యతే పెట్టావు," అన్నారావిడ, చీర కుచ్చిళ్లు సర్దుకుని. ఆవిడ నిజంగానే రెప్ప వేయకుండా కూర్చున్నారు.

సీతాబాయి చీర మోకాళ్ల దాకా ఎగదోసి కాళ్లు చాపింది. మనవరాలిని ఆ కాళ్ల మీద వేశారు. మొదటి చుక్క నూనె వేసేటప్పుడు ఆమె చేయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ చేతులకు పాత దారి గుర్తొచ్చింది. వీపు, భుజాలు, చిట్టి మడమలు. బిడ్డ ముందు కెవ్వుమంది, తర్వాత ఊరుకుంది, తర్వాత ఆవులించింది. నీళ్లు పోయడం అయింది, తుడవడం అయింది. చుట్టిన బిడ్డను తల్లికి ఇవ్వబోతే, ముందటి రాత్రంతా పాలు పడుతూ మేలుకున్న యశస్విని మంచం మీద అప్పటికే ఒత్తిగిలి నిద్రపోతోంది. అందుకని బిడ్డను మళ్లీ కాళ్ల మీదే వేసుకుని జోకొట్టింది. పిల్ల చప్పున నిద్రపోయింది. జిరాక్సు దుకాణానికి సెలవు పెట్టిన హనుమాండ్లు గోడకు ఆనుకుని నిద్రపోయాడు, కుడికాలు అలవాటు కొద్దీ పక్కకు చాపి.

ఎటు నుంచో సన్నగా గురక వినబడింది. ఆ గురక తనదే అనుకుంది సీతాబాయి. కళ్లు పెద్దవి చేసింది, తెరిచే ఉన్నాయి. గురక ఆగలేదు. మెల్లగా తలెత్తి చూస్తే, తన మీద కాపలా పెట్టిన కమలకుమారి గారు కుర్చీలో తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, హాయిగా గురక పెడుతున్నారు.

పట్టపగలు, ఇంటినిండా మనుషులు, మేలుకొని ఉన్నది సీతాబాయి ఒక్కతే. ఆమెకు పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే కాళ్లు కదులుతాయి. కాళ్ల మీద మనవరాలు ఉంది. అందుకని కొంగు పళ్ల కింద బిగబట్టి, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, అలాగే కూర్చుంది.